చివరి ఆట

తమ్ముడు మాకు ఇప్పటికీ 37 రూపాయలు బాకీ.

ఆ బాకీ రాసిన పుస్తకం నా దగ్గరే ఉంది. శుభలేఖలు కోయగా మిగిలిన కాగితాలతో కుట్టిన పొడవాటి పుస్తకం. ఒక్కో కాగితం ఒక్కో రంగు. తిరగేస్తే కొన్నిటి వెనక సగం వినాయకుడు, కొన్నిటి వెనక ఎవరో పెళ్ళికూతురి పేరులో మొదటి రెండక్షరాలు. ఒక్కో పేజీ ఒక్కో శనివారం. పేజీకి ఆరు గళ్ళు. గళ్ళ పైన ఉన్నవి మేం పిలుచుకునే పిలుపులు: ప్రెస్సు, బిన్నీ, గార్డు, మాస్టారు, హార్బరు (అది నేను), తమ్ముడు. అయిదుగురికి ఉద్యోగమే పేరు. అందరికంటే చిన్నవాడు కాబట్టి అతనొక్కడికి వరస.

చివరి పేజీ తారీఖు 18-2-2017. ఆ రోజు పగలంతా తమిళనాడు అసెంబ్లీలో పళనిసామి బలపరీక్ష. చిరిగిన చొక్కాతో స్టాలిన్ బయటికి రావడం టీవీలో తిప్పి తిప్పి చూపించారు. ఆ కబుర్లు చెప్పుకుంటూ రాత్రి 11 దాకా ఆడాం. ఆడింది అయిదుగురమే. బిన్నీ అన్న పోయి మూడేళ్ళయినా మాస్టారు ఆయన గడి గీయడం మానలేదు. లేచేటప్పటికి తమ్ముడి గడిలో 37 తీసివేత.

“వచ్చే వారం చూసుకుందాం నైనా” అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

ఆ వచ్చే వారం రాలేదు.

*

మా గది పాత చాకలిపేటలో ఉండేది. ఇప్పుడు మెట్రో స్టేషను బోర్డు మీద వాషర్‌మెన్‌పేట్, తమిళంలో వణ్ణారపేట్టై, మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట చాకలిపేట. మూడూ ఒకే మాట. ఈస్టిండియా కంపెనీ ఓడలకెక్కించే బట్టను ఉతికి తెల్లబరిచేవాళ్ళు ఉన్న పేట ఇది. నేసేవాళ్ళూ ఈ చుట్టుపక్కలే చేరారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి పదవి చేతికందితే వద్దన్న పిట్టి త్యాగరాయ చెట్టి మా పేట మనిషే. ఆయన పేరు మీద ఊరికి దక్షిణాన టి.నగర్ వెలిసింది, మాకు ఒక కాలేజీ దక్కింది. బట్ట వ్యాపారం మాత్రం మమ్మల్ని వదలలేదు. దీపావళికి ముందు ఎం.సి. రోడ్డులో అడుగు తీసి అడుగు వేయడం ఈ రోజుకీ కష్టమే.

ఆ రోడ్డు వెనక సందులో ప్రెస్సు మామ ఇల్లు. కింద అచ్చు మిషను, పైన మద్రాసు టెర్రసు కప్పుతో ఒక గది, ఎర్ర గచ్చు నేల. చాప పరిచి, ముక్కలు జారకుండా దాని మీద పాత దుప్పటి వేసేవాళ్ళం. కింద నుంచి సిరా వాసన పైకొచ్చేది. 1989 నుంచి 2017 దాకా, పండగలకీ చావులకీ తప్ప, ఆ దుప్పటి శనివారం రాత్రి మడత విప్పకుండా లేదు.

పండగలకీ చావులకీ తప్ప అన్నాను గానీ, అప్పుడూ ఆట ఆగేది కాదు, చోటు మారేదంతే. శివరాత్రికి జాగారం పేరుతో తెల్లవార్లూ ఆడేవాళ్ళం. మా ఉత్తర మద్రాసులో చావింటి పందిరి కింద కూడా రాత్రంతా పేకాట నడుస్తుంది. శవాన్ని ఒంటరిగా వదలకూడదు, కూర్చున్నవాడికి నిద్ర రాకూడదు. బిన్నీ అన్న పోయిన రాత్రి ఆయన వాకిట్లో మేం అయిదుగురం ఆడాం. ఆరో వాటా ముక్కలు పంచబోయి మామ చెయ్యి ఆగింది.

ఆ గదిలో తెలుగే మాట్లాడేవాళ్ళం. తెలుగంటే మా తెలుగు, రెండు మాటలకొక తమిళం తగిలేది. సందులో దిగితే తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో పిల్లలు తమిళంలోనే జవాబు చెప్పే కాలం. వారానికి నాలుగు గంటలు ఇస్పేటు, కళావరు, ఆఠీను అనుకునే చోటు అదొక్కటే. మాస్టారు కార్పొరేషను బళ్ళో తెలుగు చెప్పేవారు. ఆయన క్లాసులో పిల్లలు ఏటేటా తగ్గుతూ వచ్చారు. “నా బడి కంటే ఈ చాప మీదే హాజరు బాగుంది” అనేవారు లెక్క రాస్తూ.

*

ఆట పదమూడు ముక్కల రమ్మీ. డ్రాపుకు 20, మధ్యలో పడేస్తే 40, ఫుల్ కౌంటుకు 80. మొదట్లో పాయింటుకు 10 పైసలు, తరువాత 25. అంటే ఎంత చెడ్డ చేతికైనా 20 రూపాయల దెబ్బ.

రాసిపెట్టని కట్టుబాట్లు మూడు ఉండేవి. బాకీ 50 రూపాయలు దాటినవాడికి ఆ రాత్రి ముక్కలు పంచరు. ఎక్కువ గెలిచినవాడు అందరికీ అథో, అదే బర్మా నూడుల్స్, పొట్లాలు తేవాలి. బీచి స్టేషను ఎదుటి బండి నుంచి సైకిలు మీద తెచ్చేసరికి గెలిచిందాంట్లో సగం ఖర్చయ్యేది. మూడోది, 11 కొట్టగానే అత్త మెట్ల మీద నిలబడి ఇత్తడి గ్లాసుతో గోడ మీద రెండు కొట్లు కొడుతుంది. మామ “చివరి ఆట” అంటాడు. గెలుస్తున్నవాడైనా, పోయింది రాబట్టుకోవాలని మంట మీదున్నవాడైనా, ఆ మాట తరువాత ఇంకొక్క చెయ్యి అడిగింది లేదు.

ఇవి కట్టుబాట్లని అప్పట్లో తెలియలేదు. అలవాట్లనుకున్నాం.

1996లో బిన్నీ వాళ్ళ బి అండ్ సి మిల్లు మూతపడింది. ఆ మిల్లు గడియారం మోతతో లేచి, తిని, పడుకున్న వేలమందిలో బిన్నీ అన్న ఒకడు. తరువాత ఎం.సి. రోడ్డు కొట్టొకదాంట్లో రాత్రి కాపలాకి కుదిరాడు, శనివారం సెలవు అడిగి మరీ. మిల్లు మూసిన వారమే మామ ముక్కలు కలుపుతూ, “చిల్లర దొరకడం లేదురా, ఇవ్వాళ్టి నుంచి మళ్ళీ 10 పైసలకే ఆడదాం” అన్నాడు. ప్రెస్సు నిండా చిల్లరే. ఎవరం మారు మాట్లాడలేదు. పుస్తకంలో ఆ పేజీ చూస్తే గళ్ళల్లో అంకెలన్నీ ఒక్కసారిగా చిన్నవయిపోయి కనిపిస్తాయి. అందరికంటే లేనివాడు ఎంత ఓడగలడో అంతే మా పందెం. ఈ మాట నాకు పాతికేళ్ళు ఆలస్యంగా అర్థమైంది.

ఒకసారి ఒక పోలీసాయన మెట్లెక్కి వచ్చాడు. ఎవరో ఉప్పందించారు. మేం ముక్కలు దుప్పటి కిందికి తోస్తుంటే మాస్టారు మాత్రం కదల్లేదు. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పడి పోలీసులు రమ్మీ ఆడేవాళ్ళని పట్టుకుంటే కేసు సుప్రీంకోర్టు దాకా పోయిన సంగతి చెప్పారు. సత్యనారాయణ కేసని లాయర్లు ఇప్పటికీ చెప్పుకునే తీర్పది, 1968 నాటి రిపోర్టుల్లో ఉంది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నది కోర్టు మాట. వచ్చినాయన నవ్వి, కాఫీ తాగి, రెండు చేతులు చూసి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆ రోజు సగమే చెప్పారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఆట పెట్టిన ఇల్లో క్లబ్బో ఆ పందెం మీద లాభం తీసుకుంటుంటే నేరం అవుతుందన్న మాట. మాకు ఆ సగంతో పని పడలేదు. మా ఇంటివాడు మా దగ్గర పైసా తీసుకోలేదు, కాఫీ పొడి కూడా తనదే పోసుకున్నాడు. పదేళ్ళ కిందట ఫోన్లలోకి రమ్మీ వచ్చినప్పుడు ఆ యాప్‌లవాళ్ళూ ఇదే తీర్పు పట్టుకొచ్చారు. వాళ్ళకీ మొదటి సగమే కావాల్సి వచ్చింది.

*

తమ్ముడిది జాకెట్టు ముక్కలూ లైనింగు బట్టా అమ్మే కొట్టు. తండ్రి పెట్టింది, నాలుగడుగుల వెడల్పు. వంద రంగుల్లో అడిగిన రంగు చూడకుండా లాగి ఇచ్చేవాడు. ఆ జ్ఞాపకమే ఆటలోకీ వచ్చింది. నాలుగు చుట్లు తిరిగేసరికి ఎవరు దేనికోసం కూర్చున్నారో చెప్పేవాడు. “హార్బరన్నా, నీ కళావరు తొమ్మిది నా దగ్గరుంది, డ్రాప్ చేసుకో” అని నవ్వేవాడు. నిజంగానే ఉండేది. మా ఆరుగురిలో నేర్పరి ఎవరంటే అతనే. ఇన్నేళ్ళ పుస్తకం కూడితే ఎక్కువ అథో పొట్లాలు తెచ్చింది అతనే.

2012 సంక్రాంతికి గార్డు బావ కొడుకు డాలస్ నుంచి వచ్చాడు. చెక్కపెట్టె నిండా రంగు బిళ్ళలు తెచ్చాడు. పోకర్ నేర్పుతానన్నాడు. చేతికి రెండు ముక్కలు, చాప మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు. ముందు మూడు తెరుస్తారు, తరువాత ఒకటి, తరువాత ఇంకొకటి. తెరిచిన ప్రతిసారీ పందెం. పెట్టలేనివాడు ముక్కలు పడేసి తప్పుకోవాలి. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు బెదిరించి అందరినీ తప్పించి గెలవచ్చు. అది మాకు కొత్త. రమ్మీలో అబద్ధం చెల్లదు, షో కొట్టినవాడు ముక్కలు పరిచి చూపాలి.

బిళ్ళకు రూపాయి చొప్పున ఆడాం. గంట గడిచాక ఒక చేతిలో తమ్ముడు తన బిళ్ళలన్నీ రెండు చేతులతో మధ్యకి తోశాడు. మాస్టారి దగ్గర రాజుల జత ఉంది. చాలాసేపు తమ్ముడి ముఖం చూసి, ముక్కలు పడేశారు. అప్పుడు తమ్ముడు తన రెండు ముక్కలు తిప్పి చూపాడు. ఒక ఏడు, ఒక రెండు. రంగు కూడా కలవలేదు. ఆ ఆటలో అంతకంటే పనికిమాలిన చెయ్యి లేదట. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. అతను గెలిచింది 64 రూపాయలు. ఆ రాత్రి అతని కళ్ళల్లో మెరుపు నాకు గుర్తుంది. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

మామ ఒక్కడే కొట్టలేదు. పెట్టె మూసి కుర్రాడి చేతికిచ్చి, “ఈ ఆట మన చాప మీద వద్దు నాయనా” అన్నాడు. ఎందుకని బావ అడిగితే, “రమ్మీలో ఓడితే ముక్కలు పడలేదని ఇంటికెళ్ళి పడుకుంటాం. ఇందులో ఒకసారి గెలిస్తే నా అంతటివాడు లేడనిపిస్తుంది, నిద్ర పట్టదు” అన్నాడు. ముసలాయనకు కొత్తవి గిట్టవనుకున్నాం.

*

2017 వేసవిలో మామ పోయాడు. శుభలేఖలు వాట్సాప్‌లోకి వెళ్ళాక ప్రెస్సు అంతకుముందే నీరసించింది. కొడుకులు పై గదిని రెడీమేడ్ బట్టల గోడౌనుకు అద్దెకిచ్చారు. మాస్టారు నెల్లూరులో కూతురి దగ్గరికి వెళ్ళారు. గార్డు బావ రిటైరయి గూడూరు చేరాడు. పేటలో మిగిలింది నేనూ తమ్ముడూ. ఇద్దరితో ఆట ఏముంది.

2019 ఫిబ్రవరి 10న మా పేట దాకా మెట్రో వచ్చింది. ఏళ్ళ తరబడి రోడ్లు తవ్వి పోసిన దుమ్ము మింగినవాళ్ళం గదా, ఒకసారి ఎక్కి చూద్దామని ఇద్దరం విమానాశ్రయం దాకా వెళ్ళాం. దారిలో తమ్ముడు ఫోను తీశాడు. ఆకుపచ్చ బల్ల, చుట్టూ ఆరు బొమ్మలు, కింద పదమూడు ముక్కలు. బొటనవేలితో సర్రున సర్దుతున్నాడు. “మన గది లాగే ఉందే” అన్నాను నేను. సంతోషంగానే అన్నాను.

మన గది లాగా లేదని అప్పుడు తట్టలేదు. ఆ ఆరు బొమ్మల్లో ఒక్కరికీ అతని కొట్టు ఎంత వెడల్పో తెలియదు. 50 దాటితే ముక్కలు ఆపేవాళ్ళు లేరు సరికదా, డబ్బు అయిపోగానే ‘బోనస్’ అని ఇంకొంత వేస్తారు. 11 కొట్టినా గోడ మీద చప్పుడు లేదు.

ఇంటివాడి వాటా సంగతి కూడా చెప్పాలి. అది నేను తరువాత కాగితం మీద వేసుకున్న లెక్క. ఆరుగురు తలా 100 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. మొత్తం 600. చేతికి తలా 10 పందెం, బోర్డు మీద 60. గెలిచినవాడికిచ్చే ముందు ఇల్లు నూటికి పది చొప్పున 6 రూపాయలు తీసుకుంటుందనుకుందాం. వంద చేతులు ఆడితే ఇంటికి పోయింది 600. ఆరుగురి జేబులూ ఖాళీ. అందరూ సమానమైన నేర్పరులైనా, ఒక్కరూ తప్పు ఆడకపోయినా అంతే. ఫోనులో వంద చేతులంటే ఒకటి రెండు రాత్రుల పని. ఇంటివాడి వాటాని మించి గెలవాలంటే ఎంత నేర్పు కావాలో లెక్కేసుకున్న మనిషి ఆ బల్ల దగ్గర కూర్చోడు. తమ్ముడు తన నేర్పు ఎంతో చూసుకున్నాడు, వాటా ఎంతో చూడలేదు. “ఇది జూదం కాదన్నా, నేర్పని సుప్రీంకోర్టే చెప్పింది” అనేవాడు. మాస్టారు చెప్పిన మాటే.

2020 మార్చి ఆఖర్లో కొట్లు మూతపడ్డాయి. చెన్నైలో మొదట కరోనా ఎక్కువగా కనిపించిన చోట్లలో మా రాయపురం జోను ఒకటి. ఎం.సి. రోడ్డు నెలల తరబడి నిర్మానుష్యం. పెళ్ళిళ్ళు లేవు, జాకెట్టు ముక్కలెవరు కొంటారు. ఇంట్లో కూర్చున్న మనిషి, చేతిలో ఫోను. మొదట కొట్టు సరుక్కని దాచిన డబ్బు పోయింది. తరువాత మరదలి గొలుసు. తరువాత చీటీ.

తమిళంలో పేక ముక్కనీ సీట్టే అంటారు, చీటీ పాటనీ సీట్టే అంటారు. తమ్ముడు సందులో ఇరవై మందితో చీటీ నడిపేవాడు. తండ్రి కాలం నుంచీ వస్తున్న నమ్మకం అది. ఇడ్లీలమ్మే ఆవిడా, రాయపురం రేవులో వలలు కుట్టే ఆయనా, మా ఇంటావిడా అందులో ఉన్నారు. ఒక సీట్టులో పోయింది రాబట్టడానికి రెండో సీట్టులో చెయ్యి పెట్టాడు.

*

ఆ ఏడు నవంబరులో తమిళనాడు ప్రభుత్వం పందెపు రమ్మీని ఫోన్లలో నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. తెలంగాణ 2017లోనే తెచ్చింది, ఆంధ్ర అంతకు రెండు నెలల ముందు తెచ్చింది. తమ్ముడి ఫోనులో ఆట ఆగిపోయింది. కొట్టు తెరిచాడు. 2021 వేసవి దాకా అతనిలో పాత మనిషి కనిపించాడు. నెలకు ఇంత అని చీటీవాళ్ళకు తీర్చడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం అథో పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, “గెలిచి తెచ్చింది కాదన్నా, కొట్టు డబ్బే” అన్నాడు.

2021 ఆగస్టు 3న మద్రాసు హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నేర్పుతో ఆడే ఆటను మొత్తంగా నిషేధించడం రాజ్యాంగం ఒప్పుకోదన్నది. న్యాయశాస్త్రం నాకు తెలియదు, తీర్పు తప్పని నేననను. కొద్దిరోజుల్లోనే తమ్ముడికి మళ్ళీ మెసేజి వచ్చింది, తిరిగొస్తే ఇంత బోనస్ అని. తొమ్మిది నెలలు అతన్ని ఆపింది చట్టమొక్కటే. నేనెదురింట్లో ఉండీ ఆ తొమ్మిది నెలల్లో ఒక్క శనివారమైనా ఒక పేక కొని, రా తమ్ముడూ అని పిలవలేదు.

తరువాత జరిగింది తొందరగా జరిగింది. చీటీవాళ్ళు తలుపు ముందు నిలబడ్డారు. ఇడ్లీలావిడ అరవలేదు, తిట్టలేదు, గడప మీద కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో దీపం వెలగలేదు.

2023 జనవరిలో ఇల్లు అమ్మేశాడు. తాత కట్టిన ఇల్లు. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం నాదే. బల్ల మీద పేపరులో వార్త ఉంది. జస్టిస్ చంద్రు కమిటీ చెప్పాక 2022 అక్టోబరులో తెచ్చిన కొత్త ఆర్డినెన్సు గడువు తీరింది, బిల్లు గవర్నరు దగ్గర ఆగింది. షెడ్యూలులో రెండే ఆటల పేర్లున్నాయి, రమ్మీ, పోకర్. మా చాప మీద ఆడినవీ ఆ రెండే.

మా వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాం. తమ్ముడి ఫోను మరదలి దగ్గరుంది. ఖాళీ అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. బొటనవేలు మాత్రం కదులుతోంది, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. లేని ముక్కలు సర్దుతున్నాడు. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా పేరు పిలిచారు, లేచాం.

డబ్బు చీటీవాళ్ళకీ బ్యాంకుకీ సరిపోయింది. సూళ్ళూరుపేటలో మరదలి పుట్టింటివాళ్ళ సందులో అద్దెకు దిగారు. అక్కడొక బట్టల కొట్టులో ఇప్పుడు మీటరు కర్ర పట్టుకుని గుడ్డ కొలుస్తున్నాడు.

*

ఆ ఏడు ఏప్రిల్లో బిల్లు చట్టమైంది. నవంబరు 9న హైకోర్టు చట్టం ఉండొచ్చంది గానీ రమ్మీనీ పోకర్‌నీ షెడ్యూలు నుంచి తీసేసింది, నేర్పు ఆటలని. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది, రాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆ ఆటలు నడవకూడదని. జూన్‌లో హైకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇది చదివినప్పుడు నాకు అత్త గుర్తొచ్చింది. ఇత్తడి గ్లాసుతో గోడ మీద రెండు కొట్లు. అంత పనికి ఒక రాష్ట్రానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆ జూలైలో సూళ్ళూరుపేట వెళ్ళాను, లోకల్ బండిలో. తమ్ముడు కొట్టు నుంచి ఇంకా రాలేదు. మరదలు కాఫీ ఇచ్చింది. ఏదో ఒకటి అనాలని, “మేమే నేర్పాం అమ్మా ఈ ముక్కలు పట్టుకోవడం” అన్నాను.

“మీరు నేర్పారని నేనెప్పుడూ అనలేదు బావగారూ” అంది. “మీ దగ్గర ఆడినన్నాళ్ళూ పదకొండుంపావుకి ఇంట్లో ఉండేవాడు. ఎంత పోయిందో వచ్చి చెప్పేవాడు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆపగలిగినవాళ్ళు మీరే గదా. ఎదురిల్లే గదా. ఎందుకు రాలేదు?”

నాకు జవాబు లేదు. తెలియక కాదు. రాత్రి రెండింటికి ఆ కిటికీలో నీలం వెలుగు నేను చూశాను. ఒకసారి కాదు. పెద్దవాడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, మనమేం చెబుతాం అనుకున్నాను. అడిగితే చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. మా చాప మీద 50 దాటగానే ముఖం మీదే “ఇవ్వాళ్టికి చాలురా” అన్న మామకి ఆ మొహమాటం లేదు. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు కూడా.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో కేంద్ర చట్టం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం, నేర్పు అయినా అదృష్టమైనా. నాలుగు రోజుల తరువాత తమ్ముడు ఫోను చేశాడు. “అన్నా, యాప్ మూసేశారు. నా ఖాతాలో మిగిలింది వెనక్కిచ్చారు. 412 రూపాయలు.”

అంటే అప్పటిదాకా ఆడుతూనే ఉన్నాడన్నమాట. ఇల్లు పోయాక కూడా. మరదలికి తెలియకుండా. ఈసారి నోరు మూసుకోలేదు. ఆ ఆదివారమే బండెక్కాను. గూడూరు నుంచి గార్డు బావని రమ్మన్నాను. చేతిలో కొత్త పేకలు రెండు. తమ్ముడు వాటిని చాలాసేపు చూశాడు. “వద్దన్నా” అన్నాడు. “ముక్కలు ముట్టుకుంటే ఆగలేను.” పేకలు సంచిలో పెట్టేశాం. ముగ్గురం వీధి అరుగు మీద కూర్చుని మిల్లు సంగతీ మాస్టారి సంగతీ మాట్లాడుకున్నాం, రాత్రి బండి వేళ దాకా. నెలకొకసారి వెళుతున్నాం. ఆట లేదు.

మీలో ఎవరి స్నేహితుల బల్ల దగ్గరైనా, పేక అయినా క్యారమ్స్ అయినా, ఒక మనిషి రావడం మానేస్తే ఎంత పోయిందని అడక్కండి, బాకీ సంగతి ఎత్తకండి. వెళ్ళి తలుపు కొట్టండి. అతను చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. రాత్రి రెండింటికి కిటికీలో వెలుగు కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకండి.

తమ్ముడి పాత ఇంటిని కొన్నవాళ్ళు పడగొట్టి మూడంతస్తులు లేపారు. కింద రెడీమేడ్ కొట్టు.